సబ్బు కథలో చాకిరేవు

సబ్బుకి కావలసినవి రెండే, నూనె, క్షారం. క్షారం చరిత్ర అనగానే అందరూ 1791కి, ఫ్రాన్సుకి వెళ్ళిపోతారు. లెబ్లాంక్ గారు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నది అప్పుడే లెండి.

మరి మన చాకలివాళ్ళ సంగతేంటి? చౌడు నేల మీద తెల్లగా పొంగిన మట్టిని ఊడ్చి తెచ్చుకునేవాళ్ళు. అందులో పని చేసేది సోడియం కార్బొనేట్, అంటే లెబ్లాంక్ తీసిన సరుకే! ఆ నీళ్ళలో బట్టలు ముంచి, బాన మీద పేర్చి ఆవిరి పట్టేవాళ్ళు. దాన్నే ఉబ్బ వెయ్యడం అంటారు. ఆ వేడికి జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు బట్ట మీదే సబ్బుగా మారిపోతాయి. అదే సోడా నీళ్ళకి సున్నం కలిపితే కాస్టిక్ సోడా వస్తుంది.

కర్మన్‌ఘాట్‌లో మా వంటింట్లో సబ్బు మొదలెట్టాకే ఇదంతా నా బుర్రకెక్కింది. 500 గ్రాముల కొబ్బరినూనెకి దాదాపు 87 గ్రాముల కాస్టిక్ సోడా. సోడానే నీళ్ళలో వెయ్యాలి, నీళ్ళు సోడాలో పొయ్యకూడదు. అల్యూమినియం గిన్నె అసలు వద్దు. ఆరడానికి నెల పైనే పడుతుంది. గ్లవ్సు, కళ్ళద్దాలు, డిజిటల్ కాటా... అబ్బో, నా హడావిడి చూడాలి :)

వాళ్ళు మాత్రం ఉత్త చేతులతోనే చౌడు కలిపేవాళ్ళు. చాలా ఊళ్ళలో ఆ చాకిరీకి ఇచ్చింది ఏడాదికోసారి కళ్ళంలో కొలిచిన గింజలు.