డాబా మీది నీహారికలు: నగరాకాశపు ఫొటోగ్రఫీ పుట్టుపూర్వోత్తరాలు

సౌరకుటుంబానికి ఆవల ఉన్న నీహారికలు, గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలను ఫొటో తీయడాన్ని డీప్‌స్కై ఆస్ట్రోఫొటోగ్రఫీ అంటారు. చిమ్మచీకటి ఆకాశం లేనిదే ఇది సాగదన్నది చాలాకాలం చెలామణీ అయిన మాట. నిజానికి ఈ విద్య పుట్టింది మహానగరాల శివార్లలోనే. దీపాలు పెరిగేకొద్దీ అక్కడినుంచి తరలిపోయి, శతాబ్దం దాటాక అవే నగరాల డాబాల మీదికి తిరిగొచ్చింది.

న్యూయార్క్ సమీపంలోని హేస్టింగ్స్-ఆన్-హడ్సన్‌లో హెన్రీ డ్రేపర్ 1880 సెప్టెంబరు 30న ఓరియన్ నీహారికను 11 అంగుళాల టెలిస్కోపుతో, 51 నిమిషాల ఎక్స్‌పోజరుతో ఫొటో తీశాడు. ఒక నీహారిక ఫొటోకెక్కడం అదే మొదలు. 1883లో లండన్ శివారు ఈలింగ్‌లో ఆండ్రూ ఐన్‌స్లీ కామన్ అదే నీహారికను 36 అంగుళాల అద్దమున్న టెలిస్కోపుతో తీశాడు. వృత్తిరీత్యా ఇంజనీరైన కామన్‌కు ఖగోళం కేవలం ఆసక్తి. టెలిస్కోపులో కంటికి ఆనని నక్షత్రాలు అతని ఫొటో ప్లేటు మీద కనిపించాయి. కన్ను వెలుతురును కూడబెట్టలేదు, ప్లేటు కూడబెడుతుంది. ఈ కృషికి కామన్ 1884లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం అందుకున్నాడు. మరో ఔత్సాహికుడు, భవన నిర్మాణ వ్యాపారి ఐజాక్ రాబర్ట్స్, 1888లో లివర్‌పూల్ దగ్గర తీసిన ఫొటోలో ఆండ్రోమెడా గెలాక్సీ సుడి ఆకారం బయటపడింది.

హైదరాబాద్ కథా ఇలాగే నడిచింది. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో ఇంగ్లండు నుంచి టెలిస్కోపు తెప్పించి 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల తరవాత బేగంపేటకు మారింది. ఆకాశమంతటినీ ఫొటోల్లో పట్టే అంతర్జాతీయ పథకంలో పాలుపంచుకుని, 8 అంగుళాల కెమెరా టెలిస్కోపుతో 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. నగరం పెరిగి దీపాలు చుట్టుముట్టాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోపును 1968లో ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో నిలిపింది.

అమెరికాలో మౌంట్ విల్సన్ వేధశాలకు లాస్ ఏంజిలిస్ వెలుగుల బెడద ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నగరం దీపాలార్పగా దొరికిన చీకటిలో అక్కడి ఖగోళ శాస్త్రవేత్త వాల్టర్ బాడే ఆండ్రోమెడా నడిబొడ్డులోని నక్షత్రాలను విడివిడిగా ఫొటోలో పట్టాడు. నగర దీపాల బెడదకు తోడు ఔత్సాహికుల చేతిలోని ఫిల్ముకు సొంత లోపమూ ఉండేది. ఎక్స్‌పోజరు సాగేకొద్దీ దాని చురుకు మందగిస్తుంది. ఆ చురుకు నిలపడానికి ఫిల్మును ముందుగానే హైడ్రోజన్ కలిసిన వాయువులో ఊరబెట్టేవారు. ఇంత చేసినా నగరంలో కాసేపటికే ఫిల్ము వెలుతురుతో కమ్ముకుపోయేది.

దారి తెరిచింది 1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించిన, కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే చిప్ సీసీడీ. 1990ల నాటికి చల్లబరిచే సీసీడీ కెమెరాలు ఔత్సాహికులకూ అందాయి. ఫొటో అంకెలుగా మారడంతో ఎన్ని ఫొటోలనైనా ఒకదానిపై ఒకటి పేర్చి కలపడం సాధ్యమైంది. దీన్నే స్టాకింగ్ అంటారు.

దాని బలం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. కాంతి కణాలు వానచినుకుల్లా పడతాయి. పక్కపక్కనే పెట్టిన రెండు గిన్నెల్లో ఒకే లెక్కన పడవు. నగరాకాశపు వెలుతురు ఒక పిక్సెల్ మీద 10,000 కణాలుగా పడుతుంటే పిక్సెల్‌కూ పిక్సెల్‌కూ ఓ 100 అటూ ఇటూ అవుతుంది. కంప్యూటరులో 10,000 తీసెయ్యడం తేలికే, ఆ 100 తేడా మాత్రం మిగిలిపోతుంది. నీహారిక నుంచి వచ్చినవి 50 కణాలే అయితే అందులో కలిసిపోతాయి. 100 ఫొటోలు కలిపితే నీహారిక వాటా 5,000 అవుతుంది, తేడా 1,000 దగ్గరే ఆగుతుంది. నీహారిక తేలుతుంది.

రెండో సాధనం సన్నని పట్టీ ఫిల్టరు. నీహారికల్లో ఎక్కువ వాయువు హైడ్రోజన్. అది 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎర్రగా వెలుగుతుంది, ఆక్సిజన్ 500.7 దగ్గర నీలి ఆకుపచ్చగా. కంటికి కనిపించే కాంతి విస్తృతి దాదాపు 300 నానోమీటర్లు. అందులో 3 నానోమీటర్లను మాత్రమే పోనిచ్చే ఫిల్టరు తెల్లని వెలుతురులో నూటికి ఒక పాలు రానిచ్చి, హైడ్రోజన్ ఎరుపును దాదాపు మొత్తంగా పోనిస్తుంది. 10,000 కణాల ఆకాశం 100కు దిగుతుంది, తేడా 10 అవుతుంది, నీహారిక 50 అలాగే ఉంటుంది. లెక్క ప్రకారం వంద ఫొటోల పని ఒక గాజుపలక చేసిపెడుతుంది. 1995లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఈగల్ నీహారిక స్తంభాల చిత్రం గంధకం, హైడ్రోజన్, ఆక్సిజన్ ఫిల్టర్ల ఫొటోలకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులిచ్చి చేసినదే. ఔత్సాహికులు ఆ రంగుల పద్ధతినే అందుకున్నారు.

పాత సోడియం దీపాలు కొన్ని రంగుల్లోనే వెలిగేవి కాబట్టి ఆ రంగులను ఆపే ఫిల్టర్లు కొంత పనిచేసేవి. తెల్లని ఎల్ఈడీల వెలుగు వర్ణపటమంతా పరుచుకోవడంతో ఆ ఫిల్టర్ల పస తగ్గింది. సన్నని పట్టీ ఫిల్టర్లు మాత్రం నిలిచాయి. ఆకాశపు చీకటిని 1 నుంచి 9 దాకా కొలిచే పట్టికను జాన్ బోర్టిల్ 2001లో ప్రకటించాడు. తొమ్మిదో తరగతి నగర నడిబొడ్డు. అక్కడి డాబా మీద కూడా ఇప్పుడు చిన్న టెలిస్కోపు, భూభ్రమణాన్ని సరిచేస్తూ తిరిగే పీఠం, చల్లబరిచే డిజిటల్ కెమెరా, ఫిల్టరు ఉంటే చాలు. మూడేసి నిమిషాల ఫొటోలు వంద, అంటే ఐదు గంటల పని. విడి ఫొటోలో మసకగా కనిపించిన నీహారిక అన్నీ కలిపాక పోగులు పోగులుగా విప్పారుతుంది.

ఈ ఫిల్టరు ఉపాయానికి ఒక హద్దుంది. గెలాక్సీలది నక్షత్రాల వెలుగు. అది వర్ణపటమంతా పరుచుకుని ఉంటుంది కనుక ఫిల్టరు వీధిదీపంతోపాటు గెలాక్సీనీ కోసేస్తుంది. డ్రేపర్, కామన్‌లు పట్టిన ఓరియన్ నేటి డాబా మీదికీ దిగివస్తుంది. రాబర్ట్స్ పట్టిన ఆండ్రోమెడా బయటి చేతులు నిండుగా కావాలంటే మాత్రం నగరంలో ఎన్నో రాత్రులు వెచ్చించాలి, లేదా ఊరు దాటాలి.