నవల రాసిన చెయ్యే పోపు కొలతా రాసింది: మాలతీ చందూర్

ఈ ఎపిసోడ్‌ల ఒక రచయిత్రి గురించి మాట్లాడుకుందాం. ఆమె పాతికకు పైగా నవలలు రాశారు. 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తీసుకున్నారు. అయినా పెద్దవాళ్ల దగ్గర "మాలతీ చందూర్" అని పేరు తీస్తే, చాలామందికి ముందు గుర్తొచ్చేది 'వంటలు–పిండివంటలు' పుస్తకం. నవలా రచయిత్రిని వంటల పుస్తకంతో గుర్తుపెట్టుకోవడం ఆమెను తక్కువ చేయడమేనా? నాకైతే అట్ల అనిపించదు. ఎందుకో చెప్తా.

ముందు ఒకసారి జపాన్ వెళ్లొద్దాం. అక్కడ మురాయి గెన్సాయి అని ఒక నవలా రచయిత ఉండేవాడు. 1903లో 'హోచి షింబున్' అనే పేపర్‌లో 'కుయిదొరాకు' అనే సీరియల్ రాశాడు. తిండిపోతు హీరో, బాగా వండే హీరోయిన్. కథ నడుస్తుంటేనే మధ్యలో వంటలు వస్తయి, అవి ఒకటీ రెండూ కాదు, 600కు పైగా. పుస్తకంగా వస్తే విపరీతంగా అమ్ముడుపోయింది. అప్పటి జపాన్ కొత్త తిండి, కొత్త కాపురం నేర్చుకుంటున్న దేశం. పాత ఇంట్లో చెప్పేవాళ్లకు ఆ కొత్త వంటలు తెలియవు. ఆ ఖాళీలోకి నవల వచ్చి కూర్చుంది.

మన దగ్గర ఆ ఖాళీ 1950ల్లో వచ్చింది. మాలతీ చందూర్ అప్పటి కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. చదువు స్కూల్ ఫైనల్‌తో ఆగిపోయింది, కాలేజీకి పోలేదు. పెళ్లయ్యాక మద్రాసులో స్థిరపడ్డారు. భర్త ఎన్.ఆర్. చందూర్ కూడా రచయితే, 'జగతి' అనే పత్రిక నడిపారు. డిగ్రీ లేని మనిషి ఇంగ్లిష్ నవలలు సొంతంగా చదువుకున్నారు. తర్వాత 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికతో ఆ ప్రపంచ నవలలనే తెలుగు పాఠకులకు పరిచయం చేశారు. ఇంగ్లిష్ రాని ఎంతమందికో ఆ పేజీలే లైబ్రరీ.

'ఆంధ్రప్రభ' వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షిక 1950ల మొదట్లో మొదలై నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. స్త్రీల కోసం రాసే ఆ పేజీల్లో వంట ఉంటది, ఇంటి విషయాలుంటయి, పాఠకుల ప్రశ్నలకు జవాబులుంటయి. 'వంటలు–పిండివంటలు' కూడా 1950ల నాటిదే. దశాబ్దాల పాటు ముద్రణ మీద ముద్రణ పడుతూ వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. వంటల పుస్తకం ఎవరికి కావాలె? అమ్మ పక్కన ఉన్నోళ్లకు అక్కర్లేదు. అత్త ఉన్న ఇంట్లో అడిగినా అడగకపోయినా చెప్తది. భర్తకు ఢిల్లీలనో, బొంబాయిలనో, భిలాయిలనో ఉద్యోగం వచ్చి, రెండు గదుల క్వార్టర్‌లో ఒక్కతే స్టవ్ ముందు నిలబడ్డ ఇరవై ఏళ్ల అమ్మాయికి కావాలె. ఫోన్ లేదు. ఉత్తరం రాస్తే జవాబు వచ్చేసరికి పండుగ అయిపోతది. అంటే వంటల పుస్తకం వలస పత్రం లాంటిది. ఉమ్మడి ఇల్లు విడిపోతున్నదనడానికి అదొక సాక్ష్యం.

మేం కోడ్ రాసేటోళ్లం కాబట్టి నాకు ఇంకొకటి కనబడుతది. "ఉప్పు తగినంత" అన్నప్పుడు ఆ "తగినంత" విలువ అమ్మ చేతిల ఉంటది, కాగితం మీద కాదు. ఆ చేతిల ఉన్నదాన్ని ముక్కూ మొహం తెలియని మనిషికి అర్థమయ్యేటట్టు రాయాలంటే, చదివే మనిషి ఎక్కడ తడబడుతదో ముందే ఊహించాలె. నవల రాసేవాళ్లు చేసేది కూడా అదే కదా, ఇంకొకరి మనసులోకి పోయి కూర్చోవడం. అవార్డు తెచ్చిన 'హృదయనేత్రి'కి నేపథ్యం స్వాతంత్ర్యోద్యమం. 'శిశిర వసంతం', 'మనసులో మనసు', 'భూమిపుత్రి' వేరే వేరే కథలు. గెన్సాయి నవలలోనే వంట కలిపాడు. ఈమె రెండూ వేరుగా రాశారు. కానీ నా లెక్కల రాసింది ఒకే మనిషి కోసం: ఇంట్లో ఉండి, అడిగే దిక్కు లేక, పత్రిక తెరిచిన ఆడమనిషి కోసం.

ఇక మన దిక్కు వద్దాం. సిరిసిల్ల నేతకార్మికులు భీవండికి, షోలాపూర్‌కు పోయిన్రు. కోరుట్ల, జగిత్యాల నుంచి దుబాయ్, మస్కట్ పోయిన్రు. ఇక్కడ ఉన్న ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసిన్రు, వంటా చేసిన్రు. మన వలస కూడా చిన్నదేం కాదు. కానీ నూజివీడు నుంచి మద్రాసు పోయిన ఆమె చేతికి సహజంగా అందేది కోస్తా వంటిల్లు. మన సర్వపిండి, సకినాలు, మలీద ముద్దలు మనింట్లోవాళ్లే రాయాలె. ఎన్ని ఇండ్లల్ల రాసిపెట్టిన్రు?

సర్వపిండినే తీసుకోండి. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడ అని లిస్ట్ ఎవరైనా చెప్తరు. కానీ సర్వలో ఒకటి అయినంక, రెండోది ఒత్తేముందు గిన్నెను నీళ్లతో చల్లార్చాలె, లేకపోతే చేతులు కాలుతయి, పిండి సరిగ్గా పరుచుకోదు. వేలితో పెట్టిన చిల్లుల్లోకి నూనె పోయాలె. సకినాలకు తడిపిండే కావాలె, గుడ్డ మీద చుట్టినంక కొంచెం ఆరాలె, అప్పుడే నూనెలో వెయ్యాలె. ఇసొంటివి చేసేటోళ్లకు చెప్పాలని కూడా తోచదు, వాళ్లకు అవి అంత మామూలు. అందుకే ముందు పోయేవి అవే.

"యూట్యూబ్‌ల అన్నీ ఉన్నయి కదా" అంటరు. ఉన్నయి. కానీ షార్జా రూమ్‌ల ఎనిమిది మందికి వంతులవారీగా వండే తమ్మునికి కావాల్సింది ఏదో ఒక సర్వపిండి కాదు, వాళ్లమ్మ చేసే సర్వపిండి. అది ఆమె ఒక్కతికే తెలుసు.

మాలతీ చందూర్ 2013 ఆగస్టులో చెన్నైలో పోయారు. ఆమెను "నవలా రచయిత్రి, వంటలు కూడా రాశారు" అని చెప్పుకోవడం అలవాటైంది. ఆ "కూడా" తీసేద్దామని నా మనవి. వంట రాయడం రచనే. అందుల ఒక కాలం ఉంటది, ఒక ఊరు ఉంటది, ఇల్లు విడిచి పోయినోళ్ల ఆకలి ఉంటది.

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్ల అమ్మనో, నాయనమ్మనో కూర్చోబెట్టి ఒక్క వంట రాయించుకోండి. "తగినంత" అంటే ఆపి, గ్లాసుతో కొలిపించండి. కింద ఆమె పేరు, ఊరి పేరు, తారీఖు రాయండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌ల కలుద్దాం. ఉంటా మరి.