వేయి పౌండ్ల ఆటగాడు



"ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే" అని మన సామెత. అయితే ఆ వెయ్యి ఏనుగుకు దక్కదు, యజమానికి దక్కుతుంది. ఆల్ఫ్ కామన్ అనే ఇంగ్లీషు ఫుట్‌బాల్ ఆటగాని చరిత్ర చదివినప్పుడు నాకీ సామెత స్ఫురించినది.

కామన్ 1880లో ఇంగ్లండు ఈశాన్య ప్రాంతమందలి సండర్లాండులో జన్మించెను. భారీకాయుడు, గోలు చేయుటలో దిట్ట. సండర్లాండు జట్టునుండి 1901లో షెఫీల్డ్ యునైటెడ్‌కు వెళ్ళి, మరుసటి యేడు ఆ జట్టు ఎఫ్.ఏ. కప్పు గెలిచినప్పుడు అందులో ఉన్నాడు. ఇంగ్లండు తరఫున 3 పర్యాయములు ఆడినాడు. 1904లో తిరిగి సండర్లాండు చేరినాడు.

1905 ఫిబ్రవరిలో మిడిల్స్‌బరో క్లబ్బు అతనిని వేయి పౌండ్లకు కొన్నది. ఒక ఆటగానికి అంత సొమ్ము చెల్లించుట అదే ప్రథమం. అప్పటికి ఆ జట్టు రెండవ శ్రేణికి దిగజారు ప్రమాదంలో ఉన్నది. పరాయి మైదానంలో గెలిచి దాదాపు రెండేండ్లయినది. కామన్ తన పూర్వపు జట్టు షెఫీల్డ్ యునైటెడ్‌పై, వారి మైదానంలోనే, పెనాల్టీ కిక్‌తో గోలు చేసి 1-0తో గెలిపించినాడు. మిడిల్స్‌బరో ఆ యేడు మొదటి శ్రేణిలో నిలిచినది.

మనిషిని సంతలో పశువువలె కొనుటయా అని పలువురు ఈసడించిరి. ఫుట్‌బాల్ అసోసియేషన్ 1908లో బదిలీ సొమ్ము 350 పౌండ్లు మించరాదని నిబంధన పెట్టి, అది అమలు కాక కొద్ది నెలలకే ఉపసంహరించుకొన్నది.

నా మనవి ఏమనగా, దోషము ఆ వెలలో లేదు. 1901నుండి ఆటగాని జీతమునకు వారానికి 4 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉండెను. ఏడాది పొడుగునా ఆ గరిష్ఠమే అందినా 208 పౌండ్లు. అనగా కామన్ కొరకు క్లబ్బు చెల్లించిన వేయి పౌండ్లు దాదాపు ఐదేండ్ల జీతము. కొత్త క్లబ్బులో చేరినందుకు ఆటగానికి ఇవ్వదగినది 10 పౌండ్లు మాత్రమే. పైగా ఒప్పందము గడువు తీరినను పాత క్లబ్బు అనుమతి లేనిదే లీగులో మరొక క్లబ్బుకు ఆడే హక్కు లేదు. వెల ఎక్కువైనదని వాపోయినవారు, ఆ వెలలో మనిషికి భాగమేది, వెళ్ళుటకు అతని ఇష్టమేది అని అడిగి ఉండవలసినది. ఆ ప్రశ్న వేసినది ఆటగాళ్ళే. 1907లో మాంచెస్టరులో వారు సంఘము స్థాపించుకొన్నారు.

కామన్ ఆపై ఊలిచ్ ఆర్సెనల్‌కు, ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కు ఆడి, 1914లో ఆట మానినాడు. డార్లింగ్టనులో మద్యశాల నడుపుకొని 1946లో అక్కడే కన్నుమూసెను. జీత పరిమితి 1961లో తొలగినది. ఆటగాణ్ణి గడువు తీరినను కట్టివేసే పద్ధతి అన్యాయమని 1963లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. అవి చూచుటకు అతడు లేడు.

నేడు ఆటగాళ్ళకు కోట్లు ముట్టుతున్నవని మనలో కొందరు విసుగుకొంటారు. విసుగుకొనే ముందు, ఒక్కమారు ఆ 4 పౌండ్లను తలచుకోవలెనని నా విన్నపము.