అమరావతి ఫిర్యాదు (2017)

అమరావతి ఫిర్యాదు: ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి నిర్మాణానికి ప్రతిపాదించిన రుణంపై అక్కడి భూయజమానులు, రైతులు 2017 మేలో ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికి ఇచ్చిన అర్జీ. 1993లో ఏర్పడిన ఈ స్వతంత్ర మండలిని ప్రాజెక్టు బాధితులు ఇద్దరు కలిసినా ఆశ్రయించవచ్చు; తమ పేర్లు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. అర్జీ నమోదయ్యాక 21 పనిదినాల్లో బ్యాంకు యాజమాన్యం లిఖితపూర్వక సమాధానం ఇవ్వాలి. అందువల్ల గ్రామస్థుల అభ్యంతరాలు అధికారిక రికార్డుకెక్కుతాయి.

రాజధాని కోసం చేపట్టిన భూసమీకరణ వల్ల జీవనోపాధి, ఆహార భద్రత, పర్యావరణం దెబ్బతింటాయని, సంప్రదింపులు సరిగా జరగలేదని అర్జీదారులు పేర్కొన్నారు. 2017 జూన్ 12న అర్జీని నమోదు చేసిన మండలి, తరువాత దర్యాప్తుకు సిఫారసు చేసింది. 2019 జులైలో భారత ప్రభుత్వం రుణ అభ్యర్థనను ఉపసంహరించుకోవడంతో 30 కోట్ల డాలర్ల ప్రతిపాదనను బ్యాంకు విరమించుకుంది, దర్యాప్తు జరగలేదు. బ్యాంకు తన విధానాలను పాటించిందో లేదో తేల్చడమే మండలి పరిధి. పరిహారం ఇప్పించే అధికారం దానికి లేదు.