దవడలో నొప్పి లేని వాపు: పంటి కణజాలం నుంచి పుట్టే గడ్డలు

పన్ను నొప్పి లేదు, చీము లేదు. కానీ కింది దవడ ఒకవైపు నెలల తరబడి మెల్లగా ఉబ్బుతూనే ఉంటుంది. చాలామంది దీన్ని పిప్పిపన్ను వాపే అనుకుని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి మింగేస్తారు. వాపు మాత్రం తగ్గదు. ఇలాంటప్పుడు పళ్లను తయారుచేసే కణజాలం నుంచి పుట్టిన గడ్డేమో చూడాలి. డాక్టర్లు వీటిని ఒడాంటోజెనిక్ ట్యూమర్లు అంటారు. వీటిలో చాలావరకు క్యాన్సర్ కావు.

పిల్లల్లో, టీనేజీ వాళ్లలో ఎక్కువగా కనిపించేది ఒడాంటోమా. పాలపన్ను ఊడాల్సిన వయసు దాటినా ఊడదు, లేదా శాశ్వత పన్ను బయటికి రాదు. ఎక్స్‌రే తీస్తే లోపల చిన్న చిన్న పళ్లలాంటి ముక్కలు కనిపిస్తాయి. చిన్న ఆపరేషన్‌తో తీసేస్తే సాధారణంగా మళ్లీ రాదు. దీనికి అంత కంగారు అక్కర్లేదు.

అమెలోబ్లాస్టోమా సంగతి వేరు. పంటిపై ఎనామిల్‌ను తయారుచేసే కణాల వంశానికి చెందిన గడ్డ ఇది. ఎక్కువగా కింది దవడ వెనుక భాగంలో, జ్ఞానదంతం, అంటే ఉర్దూలో అకల్ దాఢ్, ఉండే చోట వస్తుంది. క్యాన్సర్ కాదు కదా అని వదిలేస్తే ఎముకను లోపలి నుంచి తినేస్తూ పోతుంది. పళ్లు కదులుతాయి, ముఖం వంకర అవుతుంది. గుట్కా, జర్దా నోటి క్యాన్సర్ తెస్తాయి గానీ ఈ గడ్డకు అవే కారణమని చెప్పలేం. అలవాటు లేని అమ్మాయిలకూ రావచ్చు, అందుకని ఇంట్లో ఎవరినీ అనుమానించే పని లేదు.

ముందుగా దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీస్తారు. ఎముకలో సబ్బు నురగలాంటి బుడగలు కనిపించవచ్చు. అయినా గడ్డ రకం ఖాయంగా తెలిసేది బయాప్సీతోనే. కేవలం గీకి తీసేస్తే పెద్ద అమెలోబ్లాస్టోమా చాలామందిలో మళ్లీ వస్తుంది. అందుకే చుట్టూ సుమారు ఒకటి రెండు సెంటీమీటర్ల మంచి ఎముకతో సహా కోసి తీయడం మామూలు పద్ధతి. దవడ ముక్క పోతుందనగానే ఇంట్లోవాళ్లు భయపడతారు. కానీ కాలి ఎముక ముక్కతో దవడను తిరిగి కట్టే వీలుంది.

నందవరం, ఎమ్మిగనూరు వాళ్లు మొదటి పరీక్షకు ఆదోని ఏరియా ఆస్పత్రికి వెళ్లవచ్చు. పెద్ద వైద్యానికి కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. ప్రభుత్వ పథకం కింద ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలోని వైద్యమిత్రను అడగాలి. ఆపరేషన్ అయ్యాక కూడా ఏళ్ల తరబడి చెకప్‌కు వెళ్లాలి, పదేళ్ల తర్వాత కూడా ఇది తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. పాత ఎక్స్‌రేలు పారేయకుండా దాచుకుని ప్రతిసారీ వెంట తీసుకెళ్లాలి.