చైనా దస్తర్‌ఖాన్ మీద మన తారీఖ్

చైనా వంటలూ విరాసత్ నేర్పే స్టడీ టూర్ల మాట మన ఇళ్ళలో వచ్చిందంటే మొదటి సవాల్ ఒకటే: "అక్కడ మనకు తినడానికి ఏం దొరుకుతుంది?" అమ్మీలు బిస్కెట్ ప్యాకెట్లు, ఖీమా పొడి, ఊరగాయ సర్దడం మొదలుపెడతారు. పాములూ కప్పలూ తినే దేశమనే ఖయాల్ మన జెహన్‌లో అంతగా పాతుకుపోయింది.

కానీ అక్కడి హోటళ్ళ ముందు 'చింగ్‌జెన్' అనే రెండక్షరాల మాట కనిపిస్తుంది. దాని మానీ 'పాక్, హఖ్' అని. హలాల్ తిండికి చైనా ముస్లింలు వాడే లఫ్జ్ అదే. మస్జిద్‌ను కూడా వాళ్ళు 'చింగ్‌జెన్ సి' అంటారు. ఇబాదత్‌కూ భోజనానికీ ఒకే మాట! హుయ్ అని పిలిచే ఈ చైనా ముస్లింలు 2020 జనగణన ప్రకారం కోటికి పైనే ఉన్నారు. వాళ్ళ వంటింటి గుండా నడిస్తే వెయ్యేళ్ళ తారీఖ్ కనిపిస్తుంది.

ఆ సఫర్ సముద్రం దగ్గర మొదలుపెట్టాలి. ఆగ్నేయ తీరంలో చ్వాన్‌జౌ అనే రేవు ఉంది. అరబ్ తాజిర్లు దాన్ని జైతూన్ అన్నారు. ఇబ్నె బతూతా 14వ శతాబ్దంలో దిగింది అక్కడే. హిజ్రీ 400లో, అంటే 1009 ప్రాంతంలో, కట్టినట్టు అరబీ శిలాలేఖం ఉన్న మస్జిద్ నేటికీ అక్కడుంది. నమాజ్ హాలుకు పైకప్పు లేదు గానీ రాతి దర్వాజా చెక్కుచెదరలేదు. షీరాజ్ నుంచి వచ్చిన అహ్మద్ అనే ఆయన 1310లో దానికి మరమ్మత్ చేయించాడు. మిరియాలు, సుగంధ ద్రవ్యాలు ఆ రేవులో దిగేవి. పట్టు, పింగాణీ ఓడలెక్కేవి.

అది మంగోల్ బాద్‌షాల జమానా. వాళ్ళ దర్బారులో హు సిహుయ్ అనే ఆహార వైద్యుడు 1330లో బాద్‌షాకు ఒక కితాబ్ సమర్పించాడు. పేరు 'యిన్‌షాన్ జెంగ్‌యావ్'. ఏది తింటే ఏ రోగానికి మేలో చెప్పే వంటల పుస్తకం అది. అందులో అడుగడుగునా గొర్రె మాంసమే. శనగలకు అందులో 'హుయ్‌హుయ్ పప్పు', అంటే ముస్లింల పప్పు, అని పేరు. రూమీ మస్తకీ ఉంది. 'షెలిబ్యె' అనే పానీయమూ ఉంది. ఆ మాట పైకి చదివి చూడండి, మన షర్బతే!

ఆ రోజులు నిలవలేదు. 1357 నుంచి దాదాపు పదేళ్ళు జైతూన్‌లో బగావత్ నడిచి, చివరికి ముస్లింల ఖత్లెఆమ్‌తో ముగిసింది. 1368లో మింగ్ వంశం గద్దెనెక్కింది. మంగోలులూ, పశ్చిమం నుంచి వచ్చినవాళ్ళూ తమలో తాము పెళ్ళిళ్ళు చేసుకోకూడదని కానూన్ చేసింది. ఫార్సీ మాట్లాడే ఖాందాన్‌లు కొన్ని తరాల్లో చైనీస్ మాట్లాడసాగాయి. పేర్లూ మారాయి. ముహమ్మద్‌ను ఆ రోజుల్లో చైనా లిపిలో రాస్తే మొదటి అక్షరం తరచుగా 'మా' అయ్యేది. హుయ్ ప్రజల్లో ఎక్కువగా వినిపించే ఇంటిపేరు అదే.

చ్వాన్‌జౌ పక్కన చెన్‌దాయ్ అనే ఊళ్ళో డింగ్ ఖాందాన్ ఉంది. వాళ్ళ బుజుర్గులు ముస్లింలు. కాలక్రమంలో చాలామందికి నమాజ్ పోయింది, రోజా పోయింది. ఇంట్లో పంది మాంసం కూడా వచ్చింది. అయినా పూర్వీకుల ముందు నైవేద్యం పెట్టే రోజున మాత్రం అది పెట్టరు. "మా పెద్దలు తినేవాళ్ళు కారు" అంటారు. ఇది చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు. నైవేద్యం మన రివాజ్ కాదు, నిజమే. కానీ అన్నీ పోయాక కూడా పళ్ళెంలో ఒక పర్‌హేజ్ మిగిలింది చూడండి!

అక్కడి నుంచి ఉత్తరాన షీఆన్‌కు రండి. పాత పేరు చాంగాన్. ఖలీఫా ఉస్మాన్ (రజి) జమానాలో, 651లో, అరబ్బుల దూత వచ్చినట్టు చైనా రికార్డుల్లో ఉన్నది ఈ దర్బారుకే. ఇక్కడి పెద్ద మస్జిద్‌కు గుంబజ్ లేదు; అచ్చం చైనా మందిరంలా పెంకులు, చెక్క స్తంభాలు, తోటలు. లోపలికి వెళితే గోడల చెక్క పలకల మీద ఖురాన్ మొత్తం చెక్కి ఉంటుంది.

మస్జిద్ చుట్టూ ఉన్న గల్లీల్లో 'పావ్‌మో' అమ్ముతారు. ఖాళీ గిన్నె, గట్టి రొట్టె మన చేతికిస్తారు. రొట్టెను మనమే సోయా గింజంత ముక్కలుగా తుంచాలి. తొందరపడి పెద్ద ముక్కలు వేస్తే బావర్చీకి నచ్చదు. తుంచిన గిన్నె వంటింట్లోకి వెళ్ళి గొర్రె షోర్వాలో ఉడికి తిరిగొస్తుంది. పక్కన తీపి వెల్లుల్లి ఊరగాయ. షోర్వాలో రొట్టె తుంచి తినడం మనకు కొత్తా? రసూలుల్లాహ్ (స)కు ఇష్టమైన సరీద్ అదే కదా!

ఈ గల్లీలు మిగలడం కూడా చిన్న విషయం కాదు. 1862 నుంచి పదిహేనేళ్ళు ఈ వాయవ్య ప్రాంతంలో సాగిన బగావత్‌లో, దాన్ని అణచడంలో లక్షల ప్రాణాలు పోయాయి. చుట్టుపక్కల గ్రామాల ముస్లింలు ఊచకోతకు గురయ్యారు, మిగిలినవాళ్ళను పశ్చిమానికి తరిమేశారు. కోటగోడ లోపలున్న ఈ మొహల్లా మాత్రం బతికింది.

ఆఖరి మజిలీ పసుపు నది ఒడ్డున లాన్‌జౌ. అక్కడ పొద్దున్నే నహారీలా తినేది బీఫ్ షోర్వాలో నూడుల్స్. 1915 ప్రాంతంలో మా బావోజీ అనే హుయ్ ముస్లిం కావడి మోస్తూ అమ్మి దీనికి పేరు తెచ్చాడు. పిండిలో ఎడారి మొక్క బూడిద కలుపుతారు, మనం అప్పడాల పిండిలో ఖార్ వేసినట్టు. దాంతో పిండి సాగుతుంది. లాగి మడిచిన ప్రతిసారీ పోగులు రెట్టింపవుతాయి. ఎనిమిది మడతల్లో 256. తేట షోర్వా, తెల్ల ముల్లంగి, ఎర్ర మిరప నూనె, పచ్చ కొత్తిమీర, పసుపు నూడుల్స్: ఈ ఐదు రంగులూ ఉంటేనే అసలుది. 2021లో చైనా ప్రభుత్వం దీన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అదే ప్రభుత్వం 2019లో బీజింగ్ హోటళ్ళ బోర్డుల మీది అరబీ 'హలాల్' రాత తీసేయమంది. ఎన్నో మస్జిద్‌ల గుంబజ్‌లు దించేశారు. వంట విరాసత్ అయింది, వండేవాళ్ళ లిపి మాత్రం భారమైంది. షిన్‌జియాంగ్‌లోని ఉయ్‌ఘర్‌ల దాస్తాన్ ఇంకా బరువైనది; వాళ్ళు పులావ్‌ను 'పోలో' అంటారని మాత్రం చెప్పి, మిగతాది మరోసారి రాస్తాను.

హుయ్ బుజుర్గులు ఒకప్పుడు తమ చైనీస్‌ను అరబీ హరూఫ్‌లో రాసుకునేవాళ్ళు. ఆ రాతను షియావ్‌అర్‌జింగ్ అంటారు. నేను ఉర్దూ లఫ్జులను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మన దూదేకుల భాయీల ఇళ్ళలో ఎన్నో తరాలుగా తెలుగే మాదరీ జబాన్; బిస్మిల్లా అనకుండా మాత్రం ముద్ద ఎత్తరు. ఎక్కడి జబాన్ అక్కడిదే అయినా ఈమాన్ దస్తర్‌ఖాన్ మీద జాగ్రత్తగా ఉంటుందని చైనా వెళ్ళి చూసే భాగ్యం అందరికీ రాకపోవచ్చు.

మీ నానీ, దాదీ ఏ వంట ఎందుకు వండేవారో, ఏది ఎందుకు వండేవారు కాదో ఈ జుమా రోజున కూర్చోబెట్టి అడగండి. వాళ్ళున్నప్పుడే రాసిపెట్టుకోండి.