ఇంటికంటే ముందు నీటి దారి



చెరువు మరవ పారిందంటే మన హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో పండుగే. అయితే ఆ మరవ నీళ్లు పోయే వంకలో మాత్రం ఇల్లు వేయకూడదని పెద్దలు చెబుతారు. పేదలకు ఇళ్లు కట్టించి ఇచ్చే ధర్మసంస్థలు ఈ మాటను ఎందుకు గుర్తుంచుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. లెక్కకు వచ్చినవారే సుమారు 10 వేలమంది చనిపోయారు. మట్టిగోడల గుడిసెలు ఆనవాలు లేకుండా పోయాయి. ఆ తర్వాత రామకృష్ణ మిషన్ మొదలైన సేవాసంస్థలు అక్కడ పక్కా ఇళ్లు కట్టించాయి. ఇళ్లతోనే పని తీరదని కూడా ఆ ఉప్పెన నేర్పింది. అందుకే తీరం పొడవునా తుఫాను రక్షణ భవనాలు లేచాయి. వాటిలో చాలావరకు మామూలు రోజుల్లో బడులు, గాలివాన రోజున ఆశ్రయాలు.

1990 మే 9న మరో పెనుతుఫాను కృష్ణాతీరాన్ని తాకింది. ఈసారి 6 లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యిలోపే. హెచ్చరిక వేళకు అందింది; ఎక్కడికి పోవాలో జనానికి తెలుసు. ముందుచూపు ఫలితం అది.

అది సముద్రతీరం, మనది మెట్టనేల కదా అంటారేమో! 2024లో ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి లోపలికి వచ్చింది. డిసెంబరు మొదట్లో మన ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది. రోడ్డు పక్క నిలిపిన వాహనాలు వరదలో కొట్టుకుపోయాయి. అంతకుముందు 2017 నవంబరులో కృష్ణగిరి ఆనకట్ట గేటు ఒకటి విరిగి, దక్షిణ పినాకిని ఒడ్డు ఊళ్లను హెచ్చరించవలసి వచ్చింది.

దాతలు ఇచ్చే డబ్బు కొంచెం. చవకగా దొరికే నేల చాలాసార్లు పల్లమో, వంక పక్కదో అవుతుంది. కట్టబోయే ముందు ఊరి ముసలివాళ్లను అడగండి: నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయి, ఎటు పోయాయి అని. ఆ గుర్తుకు పైన అరుగు లేపండి. మరమ్మతులకు కొంత సొమ్ము విడిగా ఉంచండి. కరువునూ మరవకండి. కప్పు మీద వాననీటిని నిలుపుకోవాలని తమిళనాడు 2003లోనే నియమం పెట్టింది.

ఊరకే వచ్చిన ఇంటిని పేదవాడు వద్దనలేడు. ఇది పల్లం కదా అని అడగనూ లేడు. కనుక ఆ ప్రశ్న ఇచ్చేవారే ముందుగా తమను తాము అడుగుకోవాలి. తాళంచెవితో పాటు నిర్భయంగా నిద్రపోయే రాత్రిని కూడా ఇచ్చినప్పుడే అది గృహదానం అవుతుంది.